గేటుకీ కాటాకీ మధ్య

ఆ ఏడు జూన్ పదకొండున కోతలు మొదలయ్యాయి. దానికి వారం ముందే మా అన్నయ్య మిలోయె కోల్డ్ స్టోరేజీలోకి కంప్యూటర్ తెర వచ్చింది.

మోరావిత్సా నది ఒడ్డున మాకు రాస్ప్‌బెర్రీ తప్ప వేరే బతుకు లేదు. అన్నయ్య రైతుల దగ్గర పండు కొని, గడ్డకట్టించి, బయటి దేశాలకు పంపుతాడు. ఏడాది పొడుగునా పద్దెనిమిది మంది, కోతల్లో డెబ్బై మంది పనిచేస్తారు. గేటు దగ్గర బండ్లను లోపలికి పిలిచి సరుకు దించుకునే పని నాది. మా ఆయన ద్రగీషా కొండ మీద గోర్న్యా రేకా అనే ఊళ్ళో మా కొనుగోలు కేంద్రం చూసేవాడు. పొద్దున్నే పైకి వెళ్ళి, రైతులు తెచ్చిన పండు చూసుకుని, బండికెత్తించి కిందికి పంపేవాడు. పందొమ్మిదేళ్ళుగా అదే పని.

తెర తెచ్చింది అన్నయ్య కూతురు యాస్నా. నోవీసాద్ నగరంలో చదివి, అక్కడే మూడేళ్ళు ఉద్యోగం చేసి, ఇక ఇక్కడే ఉంటానని వచ్చేసింది. అన్నయ్య తనంతట తాను ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో బెల్జియం నుంచి మా దగ్గర కొనేవాళ్ళు ఉత్తరం రాశారు. ఏ పెట్టె ఏ ఊరి నుంచి వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది అనేది చూపించాలి, చూపించలేకపోతే వచ్చే ఏడు వేరేవాళ్ళని చూసుకుంటాం అని. పక్క లోయలో ఇదే వ్యాపారం చేసే సవాతియె అప్పటికే అలాంటిది పెట్టుకున్నాడని కూడా విన్నాక అన్నయ్య సరేనన్నాడు.

దాన్ని బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటారని యాస్నా ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ రెండో మాటకి అర్థమేంటి?" అన్నాడు అన్నయ్య.

"తెలివి, నాన్నా."

"అంటే ముప్పై ఏళ్ళు అది లేకుండానే నడిపానన్నమాట."

అందరూ నవ్వారు. యాస్నా కూడా నవ్వింది గానీ ఆలస్యంగా నవ్వింది. ఆ రోజు నుంచి దాని పేరు తెలివి అయిపోయింది. పొద్దున్నే ఆఫీసులోకి వస్తూనే అన్నయ్య "ఏమంటోందమ్మా ఇవాళ మీ తెలివి?" అని అడిగేవాడు. జవాబు వినకుండానే టోపీ తీసి ఆ తెర మూలకి తగిలించి బయటికి వెళ్ళిపోయేవాడు. పండుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, అది ఏ వాలు మీద కాసిందో చెప్పగలనని ఆయన నమ్మకం. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు.

నాకు పని నేర్పడానికి యాస్నాకి పావుగంట పట్టింది. కాటా పక్కన గోడకి చిన్న ట్యాబ్ బిగించారు.

"అత్తా, బండి గేటు లోపలికి రాగానే ఊరి పేరు మీద ఇది నొక్కాలి. దించడం మొదలుపెట్టగానే ఇది నొక్కాలి. మధ్యలో ఎంతసేపు ఆగిందో అదే లెక్కేసుకుంటుంది."

"అన్నీ అదే లెక్కేసుకుంటే నేనెందుకు?"

"నువ్వు నొక్కకపోతే దానికేం తెలుస్తుంది అత్తా? దానికి కళ్ళు లేవుగా."

గేటుకీ కాటాకీ మధ్య అరవై అడుగులు. కరెంటు కాటా దగ్గరే ఉంది కాబట్టి ట్యాబ్ అక్కడ పెట్టారు. బండి గేటు దగ్గరికి రాగానే నేను అరవై అడుగులు నడిచి, చేతి తొడుగు విప్పి, నొక్కి, మళ్ళీ తొడుక్కుని వెనక్కి రావాలి. అప్పటికి ఇంకో రెండు బండ్లు హారన్ కొడుతూ ఉంటాయి. మొదటి రోజు అలాగే చేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి మానేశాను. బండి కాటా దగ్గరికి వచ్చాక, దించే ముందు, రెండూ ఒకదాని వెంట ఒకటి నొక్కేదాన్ని. మూడు నిమిషాల తేడా ఉండేది, ఒక్కోసారి రెండు. ఎవరూ అడగలేదు. గడ్డకట్టించే గదుల వాళ్ళయితే వారానికి సరిపడా అంకెలన్నీ శనివారం ఒక్కసారే కొట్టేసేవాళ్ళని నాకు తెలుసు. పండు ఏరే బల్లల దగ్గర మేస్త్రీగా ఉన్న కోవిల్కా ఒక్కతే మొదటి రోజు నుంచీ ఉన్నది ఉన్నట్టు కొట్టింది. ఆవిడకి అబద్ధం రాదు. అందుకే ఆవిడ పక్కన కూర్చుని కాఫీ తాగేవాళ్ళు తక్కువ.

జూన్ ఆఖరుకి ఎండ ముదిరింది. కోతల మూడో వారంలో ఒక పొద్దున అన్నయ్య టోపీ తీసి తెరకి తగిలించబోయి ఆగాడు. తెర మీద గోర్న్యా రేకా అని ఉన్న వరస ఎర్రగా ఉంది.

"ఇదేంటి?"

యాస్నా చెప్పింది. మిగతా ఊళ్ళ పండులో నూటికి ఆరో ఏడో పాళ్ళు మెత్తబడి, చవగ్గా అమ్మే ముద్దలోకి పోతోంది. గోర్న్యా రేకా నుంచి వచ్చినదాంట్లో పందొమ్మిది.

ఆ వేసవిలో మొదటిసారి అన్నయ్య తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను ముందే అనుకున్నా. బావ మెత్తబడిపోయాడు. పైన అందరూ స్నేహితులే ఆయనకి. ఎవడేం తెచ్చినా వద్దనలేడు" అన్నాడు.

ముందే అనుకున్నాడేమో నాకు తెలియదు. మా దగ్గర ఎప్పుడూ అనలేదు.

మర్నాడు ద్రగీషాని కిందికి పిలిపించాడు. ఆఫీసులో అన్నయ్య, యాస్నా, ఇద్దరు గుమస్తాలు ఉన్నారు. కాగితాల మీద సంతకం కోసం వెళ్ళిన నేను కూడా అక్కడే ఉన్నాను. ద్రగీషా చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోమంటారేమోనని నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"బావా, పండు చూసే తీసుకుంటున్నావా?"

"ఎప్పుడూ చూసినట్టే చూస్తున్నా."

"మరి ఇదేంటి?" అన్నయ్య తెర వైపు వేలు చూపించాడు.

ద్రగీషా దగ్గరికి వెళ్ళి చదివాడు. ఆయనకి కళ్ళజోడు కావాలి, తెచ్చుకోలేదు. కొంచెం వంగి చాలాసేపు చూశాడు.

"నా దగ్గర బయలుదేరినప్పుడు గట్టిగానే ఉంది మిలోయె. కింద మీ గేటు దగ్గర బండి ఆగుతోందని విదోయె చెప్తున్నాడు. గంట, గంటన్నర. ఎండలో."

విదోయె మా బండి తోలేవాడు.

"విదోయె చెప్పేది నాకొద్దు. యాస్నా, గోర్న్యా రేకా బండి మన గేటు దగ్గర ఎంతసేపు ఆగుతోంది?"

యాస్నా రెండుచోట్ల నొక్కింది. "ఈ వారం సగటున మూడు నిమిషాలు, నాన్నా."

"చూశావా? తెర అబద్ధమాడదు. దాన్నేమైనా నేను నొక్కానా? నీ భార్యే నొక్కింది."

ద్రగీషా నా వైపు చూశాడు. కోపంగా కాదు. అవునా కాదా అని అడుగుతున్నట్టు చూశాడు, అంతే. సంతకం పెట్టాల్సిన కాగితం నా చేతిలో ఉంది. నేను ఆ కాగితం వైపు చూశాను.

ఎందుకు నోరు విప్పలేదని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. అన్నయ్యంటే భయమా, గుమస్తాల ముందు సిగ్గా, అప్పటికప్పుడు తట్టలేదా. తట్టలేదనడం అబద్ధం. ఆయన "గంటన్నర" అన్న క్షణంలోనే తట్టింది.

ద్రగీషా జేబులోంచి కేంద్రం తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. శబ్దం రాకుండా పెట్టాడు.

"వెళ్ళొస్తానమ్మా" అని యాస్నా ఒక్కదానితోనే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆయన మిరపకాయలు కాలుస్తున్నాడు. తొక్క తీసి, వెల్లుల్లి చల్లి, నూనె పోసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరం తిన్నాం. నేను ఏదో చెప్పబోయాను.

"రొట్టె ఇటు జరుపు దెసా" అన్నాడు.

నా పేరు దెసంక. కోపం వస్తే ఆయన నన్ను పూర్తి పేరుతో పిలుస్తాడు. ఆ రోజు దెసా అనే అన్నాడు. నేను రొట్టె జరిపాను.

మర్నాడు గేటు దగ్గర నిలబడి, రోజూ చూసేదాన్నే చూశాను. పదిన్నరకి, గుమస్తాల్లో ఒకడు పైకి వెళ్ళి ఎక్కించి పంపిన గోర్న్యా రేకా బండి వచ్చింది. దాని వెనకే రదోసావ్ ట్రాక్టర్లు మూడు వచ్చాయి. రదోసావ్‌ది లోయలో అందరికన్నా పెద్ద తోట. ఆయన బండ్లు ఆగితే సవాతియె దగ్గరికి పోతానంటాడు కాబట్టి ఆయన్ని ముందు పంపాలని అన్నయ్య రెండేళ్ళ కిందటే చెప్పాడు. అన్నయ్య చెప్పిన మాట ఇంకొకటి కూడా ఉంది: "పైనుంచి వచ్చేది మన బండేగా, ఆగుతుంది." అందుకని విదోయెని గోడ పక్కకి తీసుకోమని చెయ్యి ఊపేదాన్ని. ఊపే చెయ్యి నాదే. ఆ గోడకి పది దాటాక నీడ ఉండదు. పైన కప్పిన పట్టా చెయ్యి పెడితే కాలేంత వేడెక్కుతుంది.

విదోయె దిగి సిగరెట్ వెలిగించాడు.

"ద్రగీషాని తీసేశారటగా" అన్నాడు.

"నువ్వు చెప్పావట ఆగుతోందని."

"చెప్పా. ఎవరు విన్నారు?" పొగ వదిలాడు. "నువ్వు రోజూ చూస్తున్నావుగా వదినా, నువ్వు చెప్పలేదా?"

నేను కాటా వైపు నడిచాను. తొడుగు విప్పి, గోర్న్యా రేకా పేరు మీద మొదటి బొత్తాం నొక్కి వచ్చాను. బండి కాటా మీదికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. అప్పుడు రెండోది నొక్కాను. ట్యాబ్ మీద తొంభై ఆరు నిమిషాలని వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి బండికీ అలాగే నడిచాను. నాలుగు రోజులు. ఇంట్లో ఏమీ చెప్పలేదు, ఆఫీసులో ఏమీ చెప్పలేదు. అంకెలే చెప్తాయిలే అనుకున్నాను. నోటితో చెప్పడం కన్నా అది తేలిక.

ఐదో రోజు అన్నయ్య ఆఫీసులోంచి కేకేశాడు.

"యాస్నా! నీ తెలివికి మతిపోయింది. మూడు నిమిషాలు తొంభై ఎలా అయ్యాయి? దించి బాగుచేయించు."

యాస్నా సగం రోజు తీగలు, పెట్టెలు చూసింది. ఏ లోపమూ లేదని చెప్పింది.

"లోపం లేకపోతే ఇది అబద్ధమెందుకు చెప్తోంది?"

మధ్యాహ్నం చిక్కుడుగింజల పులుసు వచ్చింది. షెడ్డు కింద పొడుగు బల్ల దగ్గర అందరం తింటున్నాం. అన్నయ్య ఒక చివర కూర్చుని, పనిచెయ్యని యంత్రాన్ని అంటగట్టినవాళ్ళ గురించి ఏదో అంటున్నాడు.

"పనిచేస్తోంది అన్నయ్యా" అన్నాను. "ఇప్పుడే పనిచేస్తోంది. అంతకుముందు నేను రెండు బొత్తాలూ కాటా దగ్గరే నొక్కేదాన్ని. నడవలేక. గోర్న్యా రేకా బండి మొదటి నుంచీ గంటన్నర ఆగుతోంది."

అన్నయ్య నోట్లో ఉన్నది నమిలి మింగాడు. యాస్నా చెంచా పక్కన పెట్టింది. కోవిల్కా ఒక్కతే తింటూ, తల ఎత్తకుండా, "ఆ పండు పెట్టెలో పైన గట్టిగా, కింద నీళ్ళుగా ఉండేది. ఎండలో ఆగిన పండే అలా ఉంటుంది. అడిగితే చెప్పేదాన్ని" అంది.

"ఎవరాపమన్నారు దాన్ని?" అన్నాడు అన్నయ్య.

ఆయనకి జవాబు అక్కర్లేదని నాకనిపించింది. రొట్టె ముక్కతో గిన్నె తుడుచుకుని లేచి వెళ్ళాడు.

మర్నాటి నుంచి దూరం నుంచి వచ్చిన బండి ముందు వెళ్ళేది. అన్నయ్య నాతో చెప్పలేదు, రాసి గేటుకి అంటించాడు. రదోసావ్ రెండు రోజులు కేకలు వేశాడు. సవాతియె దగ్గరికి పోతానన్నాడు, పోలేదు. యాస్నా ట్యాబ్‌ని కాటా దగ్గర్నుంచి తీసి, తీగ లాగించి, గేటు స్తంభానికి బిగించింది. గడ్డకట్టించే గదుల వాళ్ళు శనివారం అంకెలు మానేశారు. పది రోజుల్లో గోర్న్యా రేకా వరస ఎరుపు పోయి ఆకుపచ్చ అయింది. పందొమ్మిది ఉన్నది నాలుగుకి వచ్చింది. అన్ని ఊళ్ళలోకీ అదే మంచి పండు.

అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు.

"బావని రమ్మను. తాళాలు ఆఫీసులోనే ఉన్నాయి."

"నువ్వే అడుగు."

"నేనా? నేను ఇంటికొచ్చి అడగాలా? నొక్కింది నువ్వు!"

"నొక్కింది నేను. నమ్మింది నువ్వు" అన్నాను. "బాగున్నప్పుడు ఒక్కరోజు కూడా చూడలేదు. చెడ్డగా చెప్పిన రోజు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నావు."

ఆయన రాలేదు. యాస్నా వచ్చింది. మా పెరట్లో కూర్చుంది. ద్రగీషా కాఫీ పెట్టి ఇచ్చాడు, తను ఒక గ్లాసు రాకియా సారా పోసుకున్నాడు.

"మామయ్యా, తప్పు నాది. అంకెలు ఎలా వస్తున్నాయో నేను చూడలేదు."

"నీ తప్పేం లేదమ్మా. కానీ కోతలు మొదలైన వారంలో ఒక గంట ఆ గేటు దగ్గర నిలబడి ఉంటే బాగుండేది. లోపల కూర్చుంటే ఎండ తెలీదుగా."

"నాన్న రమ్మంటున్నాడు."

"మీ నాన్న ఎక్కడ?"

కాఫీ అయ్యేదాకా వాళ్ళిద్దరూ మా ఆపిల్ చెట్టుకి పట్టిన పురుగు గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆమె రోజూ ఒక గంట గేటు దగ్గర నా పక్కన నిలబడేది. మొదటి రోజే మెడ మాడిపోయింది. రెండో రోజు మా అమ్మది గుడ్డ టోపీ ఒకటి తెచ్చి ఇచ్చాను.

నా గురించి ద్రగీషాకి నేనే చెప్పాను, షెడ్డులో చెప్పిన రోజు సాయంత్రమే. ఆయన విని, "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కాగితం వైపు చూసినప్పట్నుంచి."

అంతకుమించి ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు. నేను ఎదురుచూశాను, రాలేదు.

జులై రెండో వారంలో సవాతియె మనుషులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు, పక్క లోయలో వాళ్ళ కొనుగోలు చూడమని. వెళ్తున్నట్టు ఆయన గోర్న్యా రేకాలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళే తెలుసుకున్నారు. మొదట ఐదు ఇళ్ళవాళ్ళు తమ పండు అటు పంపారు, తర్వాత పన్నెండు. నెల మూడో వారానికి ముప్పై ఒక్క ఇళ్ళూ అటే. వాళ్ళ పండు అంత మంచిదని మా తెర చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పది రోజులు కూడా కాలేదు.

బెల్జియం వాళ్ళు ఇద్దరు ఆ వారమే వచ్చారు. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని వాళ్ళకి తెర చూపించాడు. బండ్లు ఆగే సమయం ఎలా తగ్గుతూ వచ్చిందో గీత మీద వేలు పెట్టి చూపించాడు. "మా దగ్గర ప్రతి నిర్ణయం దీన్ని చూసే తీసుకుంటాం" అన్నాడు. యాస్నా దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళు చాలా మెచ్చుకున్నారు. వచ్చే ఏడుకి కూడా ఒప్పుకుని, భోజనం చేసి వెళ్ళారు. భోజనం దగ్గర అన్నయ్య పెద్దగా ఏమీ తినలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే ద్రగీషా వంతెన దాటి ఎడమకి వెళ్తాడు, నేను కుడికి వెళ్తాను. పండగలకి అన్నయ్య ఇంటికి నేనొక్కదాన్నే వెళ్తాను. వదిన ఒక పళ్ళెంలో ద్రగీషాకని మూట కట్టి ఇస్తుంది. ఆయన తింటాడు, బాగుందంటాడు.

ఆ ఏడు జులై ముప్పైన కోతలు ముగిశాయి. చివరి బండి దించాక యాస్నా నన్ను ఆఫీసులోకి పిలిచింది.

"అత్తా, గోర్న్యా రేకా వరస ఖాళీగా ఉంది. తీసేద్దామా? నాన్నని అడిగితే ఏమీ అనడం లేదు."

"ఉండనీ" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ద్రగీషా పెరట్లో టమాటాలు, ఉల్లిపాయలు కోస్తున్నాడు. సవాతియె దగ్గర కోతలు ఇంకో రెండు రోజులు ఉన్నాయి. నేను చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అయిపోయాయా?"

"అయిపోయాయి."

జున్ను తురుముతూ ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ తెర మీద గోర్న్యా రేకా పేరు ఇంకా ఉందా?"

"ఉంది."

"ఏం చూపిస్తోంది?"

"సున్నా."

ఆయన చేతికి అంటిన జున్ను దులుపుకుని పళ్ళెం మధ్యలోకి జరిపాడు.

"సరిగ్గానే చూపిస్తోంది" అన్నాడు.